ఒక్కటే మెట్ల దారి

నేను బిల్డింగులు చూసే పని చేస్తాను. అట్లా చెప్తే, కొనడానికా అమ్మడానికా అని అడుగుతారు. రెండూ కాదు, అంటుకుంటే ఎట్లా కాలుతుందో చూడడానికి అంటే ఒక్క క్షణం నా మొహంలోకి చూసి మాట మార్చేస్తారు. హైదరాబాదులోని ఒక కంపెనీ నన్ను వికారాబాద్, తాండూరు, పరిగి వైపు ఉన్న షాపింగ్ కాంప్లెక్సులకు పంపుతుంది. గోడలకు ఎర్ర సిలిండర్లు తగిలించారా లేదా చూసి పోవడమే నా పని అనుకుంటారు చాలామంది. నేను ముందు చూసేది అవి కాదు. కరెంటు పోయి, మెట్లనిండా పొగ కమ్మి, చాచిన చెయ్యి కనబడనప్పుడు, ఆ బిల్డింగుకు మొదటిసారి వచ్చిన మనిషి ఎట్లా బయటపడాలి? నేను చూసేది అది.

వికారాబాదులో మా ఇల్లు. పని మీద వారానికో రెండు వారాలకో తాండూరు పోయేదాన్ని. పోయినప్పుడల్లా మధ్యాహ్నం అన్నం మా అక్క దగ్గరే. బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక పెద్ద బట్టల దుకాణం బిల్డింగులో, మూడో అంతస్తులో, అక్క మగ్గం వర్క్ చేయించేది. పెండ్లి జాకెట్లను కర్ర చట్రాలకు బిగించి, వాటి మీద జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని. తాండూరు ఆడవాళ్లతో పాటు కొడంగల్, బొంరాస్‌పేట నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు కూడా ఉన్నారు. అందరికీ పని నేర్పింది ఒక పెద్దావిడ. ఉర్దూలో అక్క అన్నట్టు అందరం ఆపా అనేవాళ్లం. ఆమె సూది పట్టుకుంటే వేళ్లు కదిలినట్టే ఉండదు, కింద నెమలి మాత్రం పురివిప్పుతూ ఉంటుంది. నా టిఫిను డబ్బాలో ఏముందో చూడకుండా ఆమె ఏనాడూ అన్నం తినలేదు.

అన్నిసార్లు ఆ మెట్లెక్కాను. ఒక్కసారి కూడా పనికళ్లతో చూడలేదు. అన్నానికి పోయినదాన్ని, అన్నం తిని వచ్చాను.

బీమా కోసం ఆ బిల్డింగు రిపోర్టు కావాలని ఓనరు మా కంపెనీకి రాస్తే, తాండూరు దారి తెలిసినదాన్నని నన్నే పంపారు. ఉగాది పోయి ఎండలు ముదురుతున్న రోజులు. కిందా, మొదటి అంతస్తులోనూ బట్టల దుకాణం. రెండో అంతస్తులో పండ్ల డాక్టరు. మూడో అంతస్తు అక్కది. పైన నాలుగో అంతస్తు సగం గోదాము, సగం ఖాళీ. టేప్ చేతిలో పట్టుకొని మెట్ల కింద వంగి చూశాను. బిల్డింగు మొత్తానికి కరెంటు మీటర్లు అక్కడే. వాటి పక్కనే ఇన్వర్టరు బ్యాటరీల వరుస. వాటిని ఆనుకొని చీరలు వచ్చిన అట్టపెట్టెలు. ఆ పెట్టెలు మెట్ల మలుపు మలుపుకూ గుట్టలుగా పైదాకా ఉన్నాయి. ఎక్కడానికైనా దిగడానికైనా అవి ఒక్కటే మెట్లు. ప్లానులో వెనకవైపు రెండో మెట్ల దారి గీసి ఉంది. ఆ జాగాలో సరుకు ఎత్తే లిఫ్టు పెట్టారు. ముందువైపు కిటికీలన్నిటినీ అందం కోసం బిగించిన అద్దాలూ రేకులూ మూసేశాయి. డాబా తలుపుకు లోపల తాళం.

"తాళమెందుకు సేటూ?" అని అడిగాను.

"కోతులు బిడ్డా. తలుపు తెరిచి ఉంటే గోదాంల జొచ్చి చీరలన్ని చింపుతున్నయి. ఏం జేయమంటవు?" అన్నాడు ఓనరు. తాతల కాలం నుంచి తాండూరులో బట్టల వ్యాపారం. నెమ్మదస్తుడు. నేను చెప్పే ప్రతి మాటకూ తల ఊపాడు, చాయ్ తెప్పించాడు, ఫ్యాను నావైపు తిప్పమన్నాడు.

నాకు తెలిసినంతలో విడమర్చి చెప్పాను. మెట్ల కింద ఒక్క నిప్పురవ్వ పుడితే చాలు సేటూ, ఈ మెట్లు పొగగొట్టం అయితయి. పొగ పైకి పోతది, డాబా తలుపు మూసి ఉంటది కాబట్టి పైనుంచి నిండుకుంటూ వస్తది. మంట రాకముందే మనుషులు పోతరు. బ్యాటరీలు బయటికి తీయండి, పెట్టెలు తీయండి, డాబా తలుపు లోపలివైపు నుంచి తోస్తే తెరుచుకునేటట్టు చేయండి. మూడో అంతస్తు వెనక గదిలో కిటికీ ఉంది కదా, దాని కడ్డీలు తీసి తెరిచే చట్రం పెట్టండి. పక్క బిల్డింగు డాబా దానికి చేతికందేంత దూరంలోనే ఉంది.

"చేయిస్త బిడ్డా, తప్పకుంట చేయిస్త. జర ఈ సీజన్ పోనియి," అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదు. నిజంగానే చేయించాలనుకున్నాడు. సీజన్ పోయాక.

పైకి పోయి అక్క ముందు కూలబడ్డాను. "అక్కా, ఇక్కడ ఉండొద్దే. వేరే జాగ చూస్కో."

అక్క దారం తెంపి నావైపు చూసింది. "ఏడికి పోవాలె? బస్టాండు పక్కన గింత పెద్ద రూము, గింత వెలుతురు, ఇంకేడ దొర్కుతది? శ్రావణం పెండ్లిళ్లకు ఆర్డర్లు పట్టుకొని కూసున్న. ఇప్పుడు మూట గట్టుమంటవా?"

"నువ్వు బతికుంటేనే కదా ఆర్డర్లు."

"నీకు యాడ జూసినా మంటలే కనవడ్తయి చెల్లె. పెండ్లికి పోతే మండపానికి ఎన్ని తలుపులున్నయని చూస్తవు. సినిమాకు పోతే మమ్ముల తీస్కపోయి తలుపు పక్క సీట్ల కూసోబెడ్తవు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే అన్నాలైనాక ఆడవాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని చెప్పాను. పొగ వస్తే మెట్ల దిక్కు ఉరకొద్దు. డాబా మీదికి పోవద్దు, తాళం ఉంటది. వెనక గదిలోకి పోయి తలుపు మూసుకోండి, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కండి, కిటికీ తెరిచి అరవండి. కొడంగల్ నుంచి వచ్చే ఆడపిల్లలు దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటున్నారు. ఆపా నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఫికర్ నక్కో బేటీ, దిగులు పడకు. ఆయుష్షు ఉన్నన్ని దినాలు ఉంటం," అంది.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. మా కంపెనీలో పెద్దసారు ఫోన్ చేసి, కొంచెం మెత్తగా రాయొచ్చు కదమ్మా అన్నాడు. మెత్తగా రాయలేదు. ఏమైంది? బీమావాళ్లు చేయాల్సిన పనులు రాసి, గడువు పెట్టి పంపారు. గడువును ఇంకో గడువు తినేసింది. నేను ఊరుకోలేక ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒకచోట, ఇంత ఎత్తు దాటితేనే మా కిందికి వస్తది, ఇది తక్కువుంది అన్నారు. ఇంకోచోట, లిఖితంగా ఎవరన్నా కంప్లైంటు ఇస్తే చూస్తం, మీరు కంపెనీ మనిషి, మీరిస్తే తీసుకోలేం అన్నారు. అక్కను కంప్లైంటు రాయమన్నాను. "కిరాయికున్నదాన్ని, ఓనరు మీద నేనే రాసిస్తే తెల్లారి నా సామాను రోడ్డు మీద ఉంటది," అంది. అందులోనూ తప్పు లేదు. ఎవరి మాట చూసినా తప్పు లేదు. అదే నన్ను తినేసింది. ఒక్కడు దుర్మార్గుడు ఉంటే వాడి కాలరు పట్టుకునేదాన్ని.

ఆ ఎండాకాలమంతా రోజూ మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసేదాన్ని. ఎత్తడం ఆలస్యమైతే మళ్లీ మళ్లీ చేసేదాన్ని. ఎత్తి, "బతికే ఉన్ననే," అనేది. ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుతూ. మా ఆయన, "నువ్వు ఈ పని మానెయ్యి, లేకుంటే నీకు పిచ్చి లేస్తది," అన్నాడు. పని మానితే ఆ మెట్లు నా కళ్ల ముందు నుంచి పోతాయా?

వానలు పడ్డాయి. శ్రావణం వచ్చింది. ఆ రోజు నేను వికారాబాదులోనే ఒక కాంప్లెక్సు చూస్తున్నాను. దాని మేనేజరు వెంట నడుస్తున్నాడు. మధ్యాహ్నం నేను ఫోన్ చేసే వేళ కంటే ముందే అక్క ఫోన్ వచ్చింది.

"చెల్లె, పొగ లేస్తుందే."

ఆమె గొంతులో భయం లేదు.

"యాడికెల్లి?"

"కిందికెల్లి. కరెంటు పోయింది. మెట్లు కనవడ్తలేవు. నల్లగ వస్తుంది, రబ్బరు కాలిన వాసన."

"దిగకు. అక్కా, దిగకు. అందరిని వెనక రూముల వెయ్యి. తలుపు మూసి, క్యాన్ల నీళ్లు గుమ్మరించి బట్టలు తడిపి కింద సందుల కుక్కు. కిటికి తెర్వు."

ఆమె అరుస్తోంది, పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తోంది. ఎవరో ఏడుస్తున్నారు. నేను రెండో చేత్తో మేనేజరు చొక్కా పట్టుకొని, తాండూరు ఫైర్ స్టేషనుకు ఫోన్ చెయ్యండని చెప్పి బిల్డింగు గుర్తులు చెప్పాను. ఆయన అప్పటికే డయల్ చేస్తున్నాడు. ఫోన్లో తలుపు మూసిన చప్పుడు వినబడింది. ఒక్క ఊపిరి పీల్చాను.

"అందరు ఉన్నరా?"

ఒకటి, రెండు అని లెక్కపెట్టడం వినబడింది. తర్వాత అక్క, "ఆపా లేదు," అంది. "నమాజుకని పైకి పోయింది. పైన ఖాళీ రూముల చేస్కుంటది గదా. నేను పోయి పిల్చుకొస్త."

ఆ మెట్లలో ఆ వేళకు ఏముంటుందో నాకు తెలుసు. అదే నా పని.

"అక్కా, తలుపు తియ్యకు."

"ఏం మాట్లాడ్తున్నవే?"

"తియ్యకు. లోపల అంత మంది ఉన్నరు. తియ్యకు నీ కాళ్లు మొక్కుత."

"ఆపా పైన ఉందే," అంది, నాకు అర్థం కాలేదేమో అన్నట్టు. తలుపు గడియ తీసిన చప్పుడు వినబడింది. ఫోన్ కట్టయింది.

మేనేజరు నన్ను తన కారులో కూర్చోబెట్టాడు. ఆయనతో నాకు ఆ పొద్దుటి పరిచయమే. దారి పొడుగునా నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్. ధారూరు దాటాక వాన దంచికొట్టింది. తాండూరులో కూడా పడితే బాగుండు అనుకున్నాను, మరుక్షణమే నా మీద నాకే అసహ్యమేసింది. లోపల కాలేదానికి పైన పడే వాన ఏం చేస్తుంది? రైలు గేటు పడి ఉంటే కారు దిగి గేటు కింద నుంచి దూరి అవతలికి పోయాను. అటువైపు నుంచి ఎట్లా పోవాలో తెలియక పట్టాల పక్కన వానలో నిలబడిపోయాను. రైలు పోయాక గేటు లేచింది. ఆయన కారు తెచ్చి నా పక్కన ఆపి డోరు తెరిచాడు.

మేము చేరేసరికి మంటలు ఆర్పేశారు. మెట్ల కింద బ్యాటరీల దగ్గరే అంటుకుందట, కింది అంతస్తులవాళ్లు ముందే బయటపడ్డారట. రోడ్డంతా నల్ల నీళ్లు. ముందువైపు అద్దాలు పగలగొట్టారు. జనంలో ఎవరో నన్ను చూసి, "మగ్గమోళ్లు పక్క డాబా మీదున్నరు," అన్నారు. నేను పక్క బిల్డింగు మెట్లు ఎట్లా ఎక్కానో గుర్తు లేదు.

పిల్లలు డాబా మీద వానలో గోడ వారగా కూర్చున్నారు. మొహాలు మసి, ముక్కుల కింద నల్లటి చారలు. కిటికీ కడ్డీలు ఊడి వేలాడుతున్నాయి. ఆ వీధి చివర బండలు కోసి పాలిష్ పట్టే మిల్లు ఉంది. అరుపులు విని అక్కడి పనివాళ్లు కటింగ్ మిషన్ ఎత్తుకొని వచ్చారట. మంటలని వీధి మొత్తం కరెంటు తీసేసి ఉండడంతో మిషన్ తిరగలేదు. మళ్లీ ఉరికి సమ్మెటలూ గడ్డపారలూ తెచ్చి, బండను పగలగొట్టినట్టు గోడనే పగలగొట్టి కడ్డీల చట్రం పెరికారు. ఒక్కొక్కరినీ చంకల కింద చేతులేసి లాగారు. పిల్లలు చెప్పింది అదీ. అక్క ఏదంటే అందరూ ఒక్కసారిగా ఏడ్చారు.

అక్క దవాఖానాలో ఉంది. తడి దుపట్టా మొహానికి చుట్టుకొని, చేత్తో గోడ తడుముకుంటూ మెట్లెక్కిందట. నాలుగో అంతస్తు దాకా పోనే లేదు. మెట్ల మలుపులో పెట్టెల గుట్ట పక్కన ఆపా కాలికి తగిలింది. రెండు రెక్కలూ పట్టుకొని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి, తలుపు తన్నితే పిల్లలు తెరిచారు. ఆ తెరిచిన కాసేపట్లోనే గది సగం పొగతో నిండిందట. కొడంగల్ పిల్లల్లో ఒకామె వాంతి చేసుకొని పడిపోయిందట. కానీ అందరూ బయటపడ్డారు.

ఆపాను హైదరాబాదుకు తీసుకుపోయారు. ఒంటి మీద ఎక్కడా కాలిన మచ్చ లేదు. చేతులు ఎప్పటిలాగే మెత్తగా ఉన్నాయి, నేను పట్టుకొని చూశాను. లోపల ఊపిరితిత్తులు మాత్రం పనికి రాకుండా పోయాయి. కళ్లు తెరవకుండానే, శ్రావణం వెళ్లకముందే పోయింది.

దవాఖానా నుంచి ఇంటికొచ్చాక అక్క చాలా రోజులు మాట్లాడలేకపోయింది. మాట్లాడితే దగ్గు. ఒకనాడు అన్నం కలుపుతూ తనే అంది: "నువ్వు చెప్పింది కరెక్టే చెల్లె. తలుపు తీస్తే పొగ లోపలికొచ్చింది. పిల్లలు పోతుండె." ముద్ద పక్కకు పెట్టి, "గని తియ్యకుంట ఎట్ల?" అంది. నన్ను తప్పుపట్టడం లేదు. నిజంగానే అడిగింది.

సేటు మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. "దసరాకు అన్ని చేయిద్దామనుకున్న బిడ్డా," అని తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత బ్యాటరీలు బయట రేకుల షెడ్డులోకి మార్చాడు. వెనకవైపు ఇనుప మెట్లు కట్టించాడు. గోడలకు తెల్లరంగు వేయించాడు. దీపావళికి దుకాణం మళ్లీ తెరిచాడు. సంక్రాంతికల్లా ఇనుప మెట్ల మీద అట్టపెట్టెలు లేచాయి. నేను పోయి చెప్పాను. తీసేశారు. మళ్లీ పెట్టారు.

అక్క ఇప్పుడు పాత కందిపప్పు మిల్లు పక్కన ఒక గోదాములో పని చేయిస్తుంది. నేల మట్టానే, మెట్లు లేవు. వెలుతురు చాలదు. పొద్దంతా లైట్లు వేసుకోవాలి. పురుగులు, తేమ. బస్టాండుకు దూరమని కొడంగల్ వాళ్లలో కొందరు మానేశారు. చేతికందిన ఆర్డర్లు పోయాయి. ఇంత జరిగాక కూడా అక్కకు ఒక మంచి జాగా చూపించలేకపోయాను. నేను చూడని బిల్డింగు తాండూరులో ఏముంది? ఏదీ ఇందులో ఉండక్కా అనగలిగినట్టు లేదు.

మొన్న ఎండాకాలం ఆపా బిడ్డ అక్క దగ్గరికి వచ్చింది. కొడంగల్‌లో ఇచ్చారు ఆమెను. నన్ను అడిగి మరీ పిలిపించింది. "మా అమ్మ పడిపోయిన జాగ చూపిస్తవా?" అంది.

వద్దనాలనుకున్నాను. ఆమె మొహం చూసి అనలేకపోయాను. దుకాణంలో ఎవరినీ అడగకుండా ఇద్దరం పాత మెట్లెక్కాం. మూడో అంతస్తులో ఇప్పుడు కంప్యూటర్ కోచింగు. లోపల నుంచి పిల్లల మాటలు వినబడుతున్నాయి. ఇంకొన్ని మెట్లెక్కి, మలుపు దగ్గర, "ఇక్కడ," అన్నాను. షాబాద్ బండల మెట్లు శుభ్రంగా కడిగి ఉన్నాయి. చూడడానికి ఏమీ లేదు.

ఆమె బుర్ఖా సర్దుకొని మెట్టు మీద కూర్చుంది. చేత్తో బండను నిమిరింది. "కిందికొస్తుండెనా, పైకి పోతుండెనా?"

"కిందికే. తల కిందివైపు ఉందట."

"అయితే దారి ఎరుకే ఉండె ఆమెకు," అంది తనలో తను.

కొంచెంసేపు ఒంటరిగా ఉంటానంది. నేను దిగి వచ్చి దుకాణం ముందు నిలబడ్డాను. కోచింగు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ నా పక్కనుంచి మెట్లెక్కిపోయారు. ఏమని చెప్పాలి, ఎక్కొద్దనా? ఆమె దిగి వచ్చాక ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. కొడంగల్ బస్సు నిండా జనం. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చారు. బస్సు కదిలేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.